రైలు దిగి మంచం దాకా



జపాన్ వెళ్లొచ్చాం అనగానే ఎవరైనా అడిగేది ఒకటే: "ఏమేం చూశారు?" మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు ఈ ప్రశ్నకు నా దగ్గర చాంతాడంత జవాబు ఉండేది. రెండోసారి వెళ్లొచ్చాక అది బాగా పొట్టిదైపోయింది. వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం, అంతే. అరవై దాటాక జపాన్ వెళ్లాలనుకునేవాళ్లకు, అందులోనూ కారు నడపనివాళ్లకు, ఆ రెండు ప్రయాణాల మధ్య మేం నేర్చుకున్నది పనికొస్తుందేమోనని ఈ కాసేపు.

మా అమ్మాయి, అల్లుడు టోక్యోలో నిషికసాయిలో ఉంటారు. ఎదొగావా వార్డులో ఒక పేట అది. కంప్యూటర్ ఉద్యోగాల మీద వెళ్లిన మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే చోటు. స్టేషన్ బయట కాసేపు నిలబడితే తెలుగు మాట చెవిన పడుతుంది. కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం పూట పార్కు బెంచీల మీద చేరతారు. అక్కడ కూర్చున్న ప్రతివాళ్ల కథా ఇంచుమించు ఒకటే. పిల్లలకు సెలవు దొరకదు. టోక్యోలో కారు పెట్టుకోవడమంటే దాన్ని నిలిపే జాగాకే నెలనెలా ఇంకో అద్దె కట్టుకోవడం. కాబట్టి వాళ్లు తిప్పలేరు, మనం ఇంట్లో కూర్చోలేం. ఇక మిగిలింది రైలు, మనిద్దరం, మన మోకాళ్లు.

మొదటిసారి మా అల్లుడు ఓ పట్టిక అచ్చు తీసి చేతిలో పెట్టాడు. వారం రోజులు, ఆరు ఊళ్లు. ఏడు రోజుల రైలు పాసు కొనిచ్చాడు. అప్పట్లో అది 29,650 యెన్లు. ఈ పాసుతో వచ్చిన చిక్కేమిటంటే, కొన్నవాడు ఒకచోట కూర్చోలేడు. డబ్బు పెట్టాం కదా, రాబట్టుకోవద్దూ అని రోజూ పొద్దున్నే పెట్టె సర్దుకుని పరుగు. 2023 అక్టోబరులో ఆ పాసు ధర ఒక్కసారిగా 50,000 యెన్లు చేశారు. చాలామంది తిట్టుకున్నారు గానీ, మా వయసువాళ్లకు అది మేలే చేసిందంటాను. ఇప్పుడు ఒకటి రెండు ఊళ్లకు వెళ్లి నిదానంగా గడిపి వచ్చేవాళ్లకు విడి టికెట్లే చవక.

ఆ ప్రయాణంలో మా ఆవిడ మోకాలు మొరాయించింది క్యోటోలో. క్యోటో గొప్ప ఊరే, కాదనను. కానీ అక్కడి పేరున్న గుళ్లు చాలావరకు కొండల అంచున ఉంటాయి. కియొమిజు గుడికి ఎక్కే దారంతా ఎత్తు, దాని పక్కన సన్నెన్‌జాకా అనే రాతిమెట్ల వీధి. ఫుషిమి ఇనారి ఎర్రటి తోరణాల దారి ఫొటోలో సొరంగంలా చదునుగా కనిపిస్తుంది గానీ, అది కొండెక్కే మెట్లదారి. సిటీ బస్సుల్లో రద్దీ ఎంతంటే, ఒక్కరోజు బస్సు పాసు అమ్మకాన్నే 2023లో నగరపాలకులు ఆపేశారు. సన్నెన్‌జాకా మెట్ల మీద మా ఆవిడ కూలబడిపోయింది. అక్కడ కాలు జారి పడినవాళ్లు మూడేళ్లలో పోతారని ఒక నమ్మకం ఉందట. ఆ సంగతి మా అమ్మాయి తర్వాత ఫోనులో నవ్వుతూ చెప్పింది. "నేను పడలేదే, కూర్చున్నాను" అని మా ఆవిడ గట్టిగా వాదించింది. ఆ లెక్కన ఆవిడకు దోషం లేదనే నేనూ ఒప్పుకున్నాను.

రెండోసారి పట్టిక మేమే వేసుకున్నాం. అల్లుణ్ని అడిగింది ఒక్కటే. "ఊరి అందం సంగతి తర్వాత నాయనా. రైలు దిగిన దగ్గర్నుంచి మంచం మీద వాలేదాకా ఎంత దూరం, ఎన్ని మెట్లు, ఎన్ని బళ్లు మారాలి, అది చెప్పు." ఈ ఒక్క ప్రశ్న అడిగేసరికి పోస్టర్ల మీద మెరిసే ఊళ్లు సగం రాలిపోయాయి. షిరకావాగో గడ్డికప్పుల ఇళ్లు అందమైనవే, కానీ రైలు లేదు, బస్సులో సీటు ముందే పట్టుకోవాలి. మంచులో దీపాలతో సినిమా సెట్టింగులా ఉండే గింజాన్ కూడా అంతే, బుల్లెట్ రైలు దిగాక ఇంకా బస్సెక్కాలి. వయసులో ఉన్నవాళ్లు వెళ్లనీ.

నిజానికి ఈ లెక్క జపాన్ పెద్దవాళ్లకు బాగా తెలిసిందే. ఆ దేశంలో నూటికి 29 మంది 65 దాటినవాళ్లు. వయసు మీద పడ్డాక డ్రైవింగ్ లైసెన్సును తామే వెళ్లి వాపసు ఇచ్చేసే పద్ధతి వాళ్లకు 1998 నుంచి ఉంది. అలా ఇచ్చేసినవాళ్లు ఇంట్లో ముడుచుకుని కూర్చోరు. రైలెక్కుతారు. 1981లో జపాన్ రైల్వే వాళ్లు ఆలుమగల కోసం ఫుల్‌మూన్ అనే టికెట్టు తెచ్చారు. భార్యాభర్తల వయసులు కలిపితే కనీసం 88 అవ్వాలి, అదీ షరతు. దాని పోస్టరు మీద ఒక పెద్ద జంట వేణ్నీళ్ల కొలనులో మెడ దాకా మునిగి కూర్చుని ఉండేది. ఇప్పుడా టికెట్టు అమ్మడం లేదు గానీ, ఆ ఆలోచన మాత్రం నాకు తెగ నచ్చింది. మన దగ్గర అరవైల్లో ఉన్న దంపతులు కలిసి వెళ్లేది కాశీకి, లేకపోతే కంటి ఆసుపత్రికి.

స్టేషన్ల సంగతి చెప్పాలి. ప్రజారవాణాలో అడ్డంకులు తీసేయాలని 2000లో ఒక చట్టం, దాన్ని భవనాల చట్టంతో కలిపి 2006లో ఇంకో చట్టం చేశారు. అందువల్ల రద్దీ ఉన్న స్టేషన్లలో దాదాపు అన్నిచోట్లా లిఫ్టు ఉంటుంది. ఉంటుంది గానీ, ప్లాట్‌ఫారానికి ఏదో ఒక కొసన ఉంటుంది. మనం దిగింది రెండో కొసన అయితే అయిపోయాం. టోక్యో మెట్రోలో ఏ పెట్టె ఎక్కితే దిగేచోట లిఫ్టు ఎదురుగా వస్తుందో చూపే బోర్డు ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. ఎక్కే ముందే అది చూసుకోవాలి. చక్రాల కుర్చీ ఉన్నవాళ్లు గేటు దగ్గర చెబితే ఉద్యోగి మడత పలక తెచ్చి బండికీ ప్లాట్‌ఫారానికీ మధ్య వేసి ఎక్కిస్తాడు, దిగే స్టేషన్‌కు కబురు పంపుతాడు. అక్కడ ఇంకొకతను పలకతో సిద్ధంగా ఉంటాడు. అన్నట్టు, చూపులేనివాళ్ల కోసం నేల మీద వేసే ఆ బొడిపెల పసుపు పలకలున్నాయే, మన హైదరాబాద్ మెట్రో స్టేషన్లలోనూ కాలికి తగులుతాయి, వాటిని కనిపెట్టింది జపానాయనే. సెయిచి మియాకే. 1967లో ఒకయామాలో అంధుల పాఠశాల దగ్గర మొదటగా వేశారు.

ఇక మేం ఎంచుకున్న ఊరు కినోసాకి. జపాన్ సముద్రం వైపు, హ్యోగో రాష్ట్రంలో ఉంది. క్యోటో నుంచి కినోసాకి అన్న పేరుతోనే ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది, ఎక్కడా మారక్కర్లేదు, సుమారు రెండున్నర గంటలు. ఒక్క జాగ్రత్త. టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో వచ్చేవాళ్లు క్యోటో స్టేషన్‌లో దక్షిణం వైపు దిగుతారు. ఈ రైలు పడమటి కొసన 30ల నంబర్లున్న ప్లాట్‌ఫారాల నుంచి బయల్దేరుతుంది. మధ్యలో నడక బాగానే ఉంటుంది. కుర్రాళ్లకు పది నిమిషాలు చాలు. మనం అరగంట పైనే పెట్టుకోవాలి, మధ్యలో ఒక కాఫీ కూడా లెక్కలో వేసుకుని.

కినోసాకి వాళ్లు తమ ఊరి గురించి ఒక మాట చెప్పుకుంటారు. ఊరంతా ఒకే సత్రమట. స్టేషన్ దాని వీధి గుమ్మం, వీధులు వసారాలు, బసలు గదులు, ఊరి స్నానశాలలు దాని స్నానాల గదులు. మాట వినడానికి బాగుందని ఊరుకోలేదు, అచ్చం అలాగే నడిపిస్తున్నారు. స్టేషన్ బయట అతిథుల్ని బసలకు చేర్చే బస్సు ఉంటుంది. ఊరి మధ్యగా ఒతాని అనే చిన్న ఏరు, దానికి రెండు వైపులా వేలాడే విల్లో చెట్లు, మీద వంపు తిరిగిన రాతి వంతెనలు. దారి దాదాపు చదును. ఊరంతటికీ ఏడు స్నానశాలలు. బస చేసినవాళ్లకు ఆ ఏడింటికీ ప్రవేశం ఉచితం. వారంలో ఒక్కోటి ఒక్కోరోజు మూసి ఉంటుంది.

సాయంత్రమైతే ఊరి తంతు చూడాలి. ఇంట్లో నైటీలు, లుంగీల మీద ఉన్నంత నిశ్చింతగా జనం బస వాళ్లిచ్చిన యుకాతా అనే నూలు అంగీలు చుట్టుకుని, కాళ్లకు గెటా అనే చెక్క చెప్పులు వేసుకుని, చేతిలో తువ్వాలు ఉన్న చిన్న బుట్ట పట్టుకుని, ఒక స్నానం నుంచి ఇంకో స్నానానికి నడుస్తుంటారు. రాతి దారి మీద ఆ చెక్క చెప్పుల చప్పుడు టక టకమని రాత్రి పది దాకా వినిపిస్తూనే ఉంటుంది. మనవాళ్లు గెటాల జోలికి పోకండి. వాటికి అలవాటు పడడానికి కినోసాకి సరైన చోటే గానీ, అరవై ఐదు సరైన వయసు కాదు. సొంత చెప్పులు వేసుకుని వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ ఏడింటిలో ఒకదాని పేరు కోనోయు. కోనోటోరి అనే పెద్ద కొంగ కాలికి దెబ్బ తగిలి, ఇక్కడి నీళ్లలో నిలబడి నయం చేసుకుని ఎగిరిపోయిందట. అది చూసి జనం ఈ నీటి గుణం కనిపెట్టారని ఐతిహ్యం. స్వేచ్ఛగా తిరిగే ఆ జాతి కొంగలు జపాన్‌లో 1971 నాటికి పూర్తిగా అంతరించాయి. ఆఖరిది ఉన్నది ఈ చుట్టుపక్కల తొయొఒకాలోనే. పొలాల్లో మందులు తగ్గించి, పెంచిన కొంగల్ని 2005లో మళ్లీ ఆకాశంలోకి వదిలిందీ అక్కడే. మేం వెళ్లిన రైలు కిటికీలోంచి పొలంలో తెల్లగా ఒకటి కనిపించింది. అదేనో, మామూలు కొంగో నాకు తెలియలేదు. మా ఆవిడ మాత్రం అదేనని తేల్చేసింది. కాలి నొప్పివాళ్లు ఒకరినొకరు గుర్తుపడతారేమో.

ఈ ఊరికి కాలో చెయ్యో బాగు చేసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఇంకొకరున్నారు. రచయిత షిగా నవోయా. 1913లో టోక్యోలో యమనోతె రైలు తగిలి గాయపడి, కోలుకోవడానికి ఇక్కడికి వచ్చారు. ఆ రోజుల మీద 1917లో కినోసాకిలో అనే కథ రాశారు. ఆయన ఉండి వెళ్లిన ఆ పాత ఊరు తర్వాత 1925 భూకంపంలో కూలి కాలిపోయింది. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టుకున్నది. వేణ్నీళ్ల ఊళ్లో రోజుల తరబడి ఉండి ఒళ్లు బాగు చేసుకోవడాన్ని వాళ్లు తోజి అంటారు. ఏడు రోజులు ఒక చుట్టు, అలా మూడు చుట్లు వేసేవాళ్లట పూర్వం. కోతలయ్యాక రైతులు బియ్యం, కూరగాయలు మోసుకొచ్చి, అక్కడే వండుకు తింటూ ఉండేవాళ్లు. మనం మూడు వారాలు ఉండలేకపోవచ్చు. మూడు రాత్రులైనా ఉండండి. ఒక రాత్రికి వెళ్తే సర్దడం విప్పడం సరిపోతుంది.

ఇప్పుడు అందరికీ మనసులో ఉన్న ప్రశ్న. అవును, ఆ స్నానశాలల్లో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు, కానీ లోపల అందరూ అంతే. ముందు చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే కొలనులో దిగాలి. మగవాళ్లు రెండు నిమిషాల్లో సిగ్గు మరిచిపోతారు. మా ఆవిడ ససేమిరా అంది. అలాంటివాళ్ల కోసం కషికిరి అనే ఏర్పాటు చాలా బసల్లో ఉంటుంది. గంటో ముప్పావుగంటో ఆ స్నానాల గది మనకు ఒక్కరికే, లోపల గడియ పెట్టుకోవచ్చు. బుక్ చేసేటప్పుడే అడగాలి. అదీ వద్దంటే అషియు ఉండనే ఉంది. వీధి పక్కన చెక్క బల్లలు, వాటి ముందు కాలువలా వేణ్నీళ్లు, పైసా అక్కర్లేదు.

మా ఆవిడ రోజుకు రెండు పూటలూ గడిపింది అక్కడే. చీర కుచ్చిళ్లు ఓ చేత్తో మోకాలి దాకా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పక్కనున్న ముసలావిడ భుజం ఆసరా చేసుకుని నీళ్లలో కాళ్లు పెట్టింది. ఆ ముసలావిడ చీర అంచు నీళ్లలో పడుతోందని చూసి, తన తువ్వాలు తీసి కింద వేసి, అంచు పైకి దోపింది. తర్వాత తన మోకాలు చూపించి ఏదో అంది. మా ఆవిడ తన మోకాలు చూపించి "ఎడమది మరీనూ" అంది తెలుగులోనే. అరగంట సేపు అలాగే మాట్లాడుకున్నారు. పాదాలు మాత్రం ఎర్రగా, దుంపల్లా ఉబ్బి బయటికొచ్చాయి.

నీళ్ల గురించి ఒక హెచ్చరిక. కొలనుల్లో వేడి 40 నుంచి 42 డిగ్రీల దాకా ఉంటుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు బయల్దేరే ముందు డాక్టరును అడగాలి. చలికాలంలో చల్లటి గదిలోంచి ఒక్కసారిగా వేడి నీళ్లలో దిగి పడిపోయే పెద్దవాళ్లు జపాన్‌లోనే ఉన్నారు. ముందు చెంబుతో పాదాల మీద, తర్వాత భుజాల మీద పోసుకుని, మెల్లగా దిగి, ఐదు నిమిషాల్లో పైకి రావాలి. భోజనం చేసిన వెంటనే వద్దు, మద్యం పుచ్చుకున్నాక అసలే వద్దు. ముందూ తర్వాతా గ్లాసెడు నీళ్లు తాగాలి.

కొంగ వైద్యం చేసిన ఊరు ఇంకోటుంది. షికోకు దీవిలో మత్సుయామా నగరం అంచున దోగో. అక్కడా ఒక తెల్లకొంగే, అక్కడా కాలి దెబ్బే. రెండు ఊళ్లలో ఎవరు ఎవరి కథ తీసుకున్నారో నాకనవసరం. మత్సుయామా వీధుల్లో ట్రాము నడుస్తుంది, స్టేషన్ నుంచి ట్రామెక్కితే దోగోలోనే దింపుతుంది. అక్కడి పాత స్నానశాల మూడంతస్తుల చెక్క భవనం, 1894 నాటిది, ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి 2024 జులైలో పూర్తిగా తెరిచారు. చూడ్డానికి అది, స్నానానికి మాత్రం దగ్గర్లోనే 2017లో కట్టిన అసుకా నో యు మోకాళ్లకు అనువు. ఇంకో ముచ్చట. హైకూకు కొత్త ఊపిరి పోసిన మసఒకా షికి 1867లో పుట్టింది ఈ మత్సుయామాలోనే. ఊళ్లో అక్కడక్కడా హైకూ పెట్టెలు ఉంటాయి, ఎవరైనా రాసి వేయొచ్చు. మన కవి ఇస్మాయిల్ గారి హైకూలు చదివినవాణ్ని కాబట్టి ట్రాము స్టాపులో కూర్చుని నేనూ తెలుగులో ఒకటి రాసి వేశాను. బహుమతి రాలేదు. వాళ్లు చదవగలిగి ఉంటే తప్పకుండా వచ్చేది.

తిండి విషయానికి వస్తే శాకాహారులకు జపాన్ కష్టమే. చేపముక్క కంటికి కనపడదు, కానీ చారులో, పులుసులో, కొన్ని కూరల్లో కూడా ఎండుచేప మరిగించిన దాషి ఉంటుంది. బసల్లో రాత్రి భోజనం పదీ పన్నెండు గిన్నెల్లో వస్తుంది, అన్నీ సముద్రమే. మేం స్నానం, పడకా మాత్రం చాలని, భోజనం లేకుండా బుక్ చేసుకున్నాం. అలా ఇచ్చేవాళ్లున్నారు, ధర కూడా తగ్గుతుంది. కన్వీనియన్స్ స్టోర్‌లో తెల్ల అన్నం వేడి చేసి ఇస్తారు, పెరుగు దొరుకుతుంది. కంది పొడి, మామిడికాయ తొక్కు మనతో ఉంటే ఇంకేం కావాలి. అన్నట్టు ఉమెబోషి అని వాళ్ల ఊరగాయ ఒకటుంది, ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. ఆవకాయ తిన్న నాలుకకు అది పరాయిది అనిపించదు.

పూర్తి శాకాహారం దొరికే చోటు కోయా కొండ. ఒసాకాలో నంబా నుంచి నన్‌కాయ్ వారి రైలు, గొకురకుబషిలో దిగి కొండ మీదికి ఐదు నిమిషాల కేబుల్ కారు, అక్కణ్నుంచి బస్సు. మూడు బళ్లు మారాలి గానీ అన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సుమారు 50 ఆశ్రమాల్లో బస ఇస్తారు. నువ్వుల తోఫు, గడ్డకట్టించి ఎండబెట్టిన కోయా తోఫు, కొండ కూరలు. చేపా లేదు, ఉల్లీ వెల్లుల్లీ లేదు, మన ఏకాదశి వంటకు దగ్గర. 816లో బౌద్ధ గురువు కూకై స్థాపించిన క్షేత్రం ఇది. ఆయన షింగోన్ శాఖ గురుపరంపరలో నాగార్జునుడి పేరుంది. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపంలో నాగార్జునుడు ఆ శాఖ శాస్త్రం అందుకున్నాడని వాళ్ల ఐతిహ్యం. ఆ స్తూపం మన అమరావతే అయ్యుంటుందన్న పండితులూ ఉన్నారు. ఆ మాట తెలిశాక అక్కడి పొద్దుటి పూజలో కూర్చుంటే మంత్రాల్లో ఏదో చుట్టరికం వినిపించింది. మోకాళ్ల లెక్కలో మాత్రం కోయాకు మార్కులు తక్కువే. చాపల మీద కూర్చోవడం, నేల మీద పరుపు, రాత్రి లేస్తే చల్లటి వసారా వెంట నడక. మనం పీటల మీద తిని, చాపల మీద పడుకుని పెరిగినవాళ్లమే, కానీ ఆ లేవడం మోకాళ్లు మరిచిపోయాయి. కుర్చీ, మంచం ఉన్న గది అడిగి దొరికితేనే వెళ్లండి.

టోక్యో వదిలి దూరం వెళ్లలేనివాళ్లు హకొనే అంటారు. షింజుకు నుంచి రొమాన్స్‌కార్ రైలు, గంటన్నర లోపే. కానీ హకొనే చుట్టి రమ్మని అందరూ చెప్పే దారి ఒక ఉచ్చు. కొండ రైలు, కేబుల్ కారు, రోప్‌వే, సరస్సు మీద ఓడ, మళ్లీ బస్సు. ప్రతిచోటా వరుస, ప్రతిచోటా ఎక్కడం దిగడం. దారిలో ఒవకుదాని అనే గంధకపు లోయ, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు రావద్దని బోర్డులే పెట్టారు. అక్కడ నల్లగా ఉడికించిన గుడ్డు ఒకటి తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందంటారు. ఆ క్యూలో నిలబడితే పెరిగిందానిలో కొంత అక్కడే ఖర్చవుతుంది. సగం హకొనే చాలు. ముందుకీ వెనక్కీ మారుతూ కొండెక్కే ఆ చిన్న రైలులో గోరా దాకా వెళ్లి, దారిలో ఉన్న ఆరుబయటి శిల్పాల మ్యూజియంలో బెంచీల మీద ఒక పూట గడిపి, అక్కడే ఉండిపోవచ్చు. మ్యూజియం లోపలా కాళ్లు పెట్టుకునే వేణ్నీళ్లున్నాయి. ఒక్క పూటకైతే ఒకయామా పక్కన కురషికి కాలువ వీధులు, హిరొషిమా నుంచి రైల్లో వెళ్లి, తర్వాత పది నిమిషాల ఓడలో చేరే మియాజిమా కూడా మంచివే. ఏప్రిల్ ఆఖరి నుంచి మే మొదటి వారం దాకా, ఆగస్టు నడిమధ్య, కొత్త సంవత్సరం రోజుల్లో మాత్రం ఎక్కడికీ కదలొద్దు, ఆ దేశమంతా అప్పుడే కదులుతుంది.

మందుల విషయం మరిచిపోయేలా ఉన్నాను. నెల రోజులకు సరిపడా, చీటీతో సహా తీసుకెళ్లండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్న జలుబు మాత్రలు అక్కడ నిషిద్ధం. ఇంట్లో డబ్బాలో ఉన్నవన్నీ గంపగుత్తగా సంచిలో పోసుకెళ్లే అలవాటు మనది, ఒకసారి పేర్లు చూసుకోండి.

ఆఖరుగా పెట్టెలు. కారు లేనివాడికి అసలు బరువు పెట్టె. దానికి జపాన్ వాళ్లు కనిపెట్టిన ఉపాయం తక్క్యూబిన్. పిల్లను నోట కరుచుకుని వెళ్లే నల్ల పిల్లి బొమ్మ ఉన్న బళ్లు ఊరూరా కనిపిస్తాయి, అవే. 1976 జనవరిలో యమతో కంపెనీ ఈ సేవ మొదలుపెట్టిన రోజున వచ్చినవి 11 పార్శిళ్లట. ఇప్పుడు హోటలు కౌంటరులోనో, కన్వీనియన్స్ స్టోర్‌లోనో పెట్టె అప్పజెబితే సాధారణంగా మర్నాటికి రెండో ఊళ్లో మన బసకు చేరుతుంది. సైజూ దూరమూ బట్టి ఒక్కో పెట్టెకు రెండు మూడు వేల యెన్లు. ఒక రాత్రికి కావాల్సినవీ, మందులూ చేతి సంచిలో ఉంచుకుంటే చాలు.

మా ఆవిడకు దాని మీద నమ్మకం కుదరలేదు. పెట్టె మీద అల్లుడు జపాన్ భాషలో చిరునామా రాసి అంటించిన తర్వాత కూడా, ఎందుకైనా మంచిదని ఇంకో కాగితం మీద తెలుగులో మా పేర్లు, ఊరు, కింద "ఊరగాయ ఉంది, తలకిందులు చేయవద్దు" అని రాసి అంటించింది. రాత్రంతా ఆ సీసా గురించే బెంగ. మర్నాడు మధ్యాహ్నం కినోసాకిలో బస గుమ్మం దాటేసరికి, కౌంటరు పక్కన మా పెట్టె మాకంటే ముందే వచ్చి నిటారుగా నిలబడి ఉంది. అక్కడి పెద్దావిడ ఆ తెలుగు కాగితం వైపు చూపించి ఏదో అడిగింది. మా ఆవిడ పెట్టె అక్కడే విప్పి, సీసా మూత తీసి, ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది.